కుదురుగా కూర్చోలేనివాళ్లు మైండ్‌ఫుల్‌నెస్ ఎలా చేయాలి?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పోయినేడాది సైకియాట్రిస్టు ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం, తొందరపాటు ఉండే సమస్య) అని చెప్పి దానికి మిథైల్‌ఫెనిడేట్ అనే మందు మొదలుపెట్టారు. మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణంలో జరుగుతున్నదాన్ని గమనించే ధ్యానం) కూడా చేయమన్నారు. యాప్ పెట్టుకుని కళ్లు మూసుకుంటే రెండు నిమిషాల్లో ఆఫీసు, పాత గొడవలు, ఏదో సినిమా పాట అన్నీ వచ్చేస్తాయి. కాళ్లు ఆగవు. నాలుగు రోజులు చేస్తాను, మానేస్తాను, మళ్లీ మొదలుపెడతాను. ధ్యానం కుదిరితే మందు మానేయొచ్చని ఇంట్లో అంటున్నారు. స్నేహితుడు పది రోజుల విపశ్యన ధ్యానం కోర్సుకి రమ్మంటున్నాడు, ఫారం కూడా నింపాను. అసలు ఇది నా వల్ల అవుతుందా?

జవాబు: అవుతుంది. అయితే ఇప్పుడు మీరు చేస్తున్న పద్ధతిలో కాదు. నేను క్లినికల్ సైకాలజిస్టుని, పెద్దయ్యాక ఏడీహెచ్‌డీ బయటపడినవాళ్లతోనే నా పని ఎక్కువ. రెండో నిమిషంలో పాట మొదలవడం, కాళ్లు ఆగకపోవడం, నాలుగో రోజుకి మానేయడం, వాళ్లలో దాదాపు అందరూ చెప్పేది ఇదే.

ముందు మీరు ఎంచుకున్న ఏర్పాటు చూడండి. నిశ్శబ్దంగా ఉన్న గది, మూసిన కళ్లు, కదలకూడని ఒళ్లు, ధ్యాస పెట్టడానికి ఉన్నదల్లా ముక్కు దగ్గర తెలిసీ తెలియకుండా ఆడే ఊపిరి. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ల ధ్యాస కొత్తదనం ఉన్నచోట, కదలిక ఉన్నచోట, ఫలితం వెంటనే కనిపించేచోట నిలబడుతుంది. ఆ గదిలో ఈ మూడూ లేవు. అన్నిటికన్నా కష్టమైనదాన్ని మొదటి మెట్టుగా పెట్టుకున్నారు.

దీనికి మెదడులో కారణం ఉంది. పనిలేకుండా కూర్చుని ఆలోచనల్లో తిరుగుతున్నప్పుడు చురుగ్గా ఉండే మెదడు భాగాలన్నిటినీ కలిపి డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్ అంటారు. పనిలో దిగగానే అది సద్దుమణగాలి. ఏడీహెచ్‌డీలో అది సరిగ్గా సద్దుమణగక పని మధ్యలో చొరబడుతుందని 2007లో సోనుగా-బార్క్, కాస్టెల్లనోస్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రతిపాదించారు. మీకు రెండో నిమిషంలో వచ్చే పాట అలా చొరబడిందే అనుకోవచ్చు. అందులో మీ క్రమశిక్షణ లోపం ఏమీ లేదు.

దీనికి తోడు మనం పెరిగిన వాతావరణం ఒకటి. ‘ఆలోచనా రహిత స్థితి’ అన్న మాట యోగా క్లాసుల్లో, టీవీ ప్రవచనాల్లో వింటూ పెరిగాం. వయసెంతో అన్ని నిమిషాలు కూర్చోవాలన్న లెక్క కూడా మన దగ్గర బాగా ప్రచారంలో ఉంది. ఆ లెక్కన మీరు 31 నిమిషాలు ఆలోచన లేకుండా ఉండాలి. ఏడీహెచ్‌డీ లేనివాళ్లకే అది చాలా దూరం. అది కొలబద్దగా పెట్టుకుంటే మీరు రోజూ ఫెయిలవుతూనే ఉంటారు.

మీకు కావలసింది చాలా చిన్నది: మనసు వెళ్లిపోయిందన్న కబురు మీకు త్వరగా అందడం.

మెయిల్ చూద్దామని ల్యాప్‌టాప్ తెరుస్తారు. ఎప్పటికో చూసుకుంటే పాత క్రికెట్ మ్యాచ్ హైలైట్స్ మధ్యలో ఉంటారు. మనసు పక్కకి పోవడం అందరికీ ఉంది. మీకు ఆ కబురు నలభై నిమిషాలు ఆలస్యంగా అందింది, ఇబ్బంది అక్కడ. అది నాలుగు నిమిషాలకే అందిందనుకోండి, రోజు ఇంకోలా ఉంటుంది. కూర్చుని చేసే అభ్యాసంలో మనం సాధన చేసేది ఈ ఒక్కదాన్నే. రెండు నిమిషాల్లో మనసు పన్నెండుసార్లు పారిపోయి, పన్నెండుసార్లూ మీరు గమనించారంటే ఆ రెండు నిమిషాలూ బ్రహ్మాండంగా జరిగినట్టు. ఒక్కసారి వెళ్లి తిరిగి రాకుండా ఊహల్లో ఉండిపోతే హాయిగానే ఉంటుంది, కానీ అభ్యాసం జరగలేదు.

ఇది నా సొంత కవిత్వం కాదు. 1979లో మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్లో జాన్ కబట్-జిన్ మొదలుపెట్టిన ఎనిమిది వారాల కోర్సు నుంచే ఆసుపత్రుల్లోకి మైండ్‌ఫుల్‌నెస్ వచ్చింది. అందులో ఇంటి దగ్గర రోజూ 45 నిమిషాల అభ్యాసం ఉంటుంది. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ల కోసం అమెరికాలోని యూసీఎల్ఏ యూనివర్సిటీలో లిడియా జిలౌస్కా బృందం దాన్ని తిరగరాసింది. కూర్చునే సమయం 5 నిమిషాలతో మొదలై మెల్లగా 15కి వెళ్తుంది, కూర్చోలేనివాళ్లు నడుస్తూ చేయొచ్చు. 2008లో అచ్చయిన వాళ్ల తొలి అధ్యయనంలో 24 మంది పెద్దలు, 8 మంది టీనేజర్లు చేరితే ఎక్కువమంది చివరిదాకా నిలబడ్డారు. చిన్న అధ్యయనం, పోల్చి చూడటానికి వేరే గుంపు లేదు. 2019లో నెదర్లాండ్స్‌లో 120 మంది పెద్దవాళ్లని లాటరీ పద్ధతిలో రెండుగా విడదీశారు. ఒక గుంపుకి మామూలుగా అందే వైద్యం, ఇంకో గుంపుకి ఆ వైద్యంతో కలిపి మైండ్‌ఫుల్‌నెస్ కోర్సు. కలిపి ఇచ్చినవాళ్లలో లక్షణాలు ఎక్కువ తగ్గాయి, ఆరు నెలల తర్వాత కూడా ఆ తేడా నిలిచింది. ‘కలిపి’ అన్న మాట గుర్తుపెట్టుకోండి, మందు దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

ఇక ఎలా చేయాలో చెప్తాను. రెండు మూడు నిమిషాలతో మొదలుపెట్టండి. తక్కువ అనిపిస్తుంది, అనిపించనివ్వండి. ఇంకాసేపు కూర్చోవాలనిపించినా మొదటి రెండు వారాలు లేచిపోండి. తొలి రోజు ఉత్సాహంతో ఇరవై నిమిషాలు కూర్చుంటే మర్నాడు ఆ ఇరవై నిమిషాల తలంపే మిమ్మల్ని కుర్చీ దగ్గరికి రానివ్వదు. టైమర్ ఫోనులో వద్దు. ఫోను చేతిలోకి తీసుకున్నాక ఏం జరుగుతుందో మీకే బాగా తెలుసు. వంటింట్లో వాడే తిప్పుడు టైమర్ ఒకటి కొనుక్కోండి. కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టుకుంటానని ఒకరన్నారు. కుక్కర్ పెట్టిన సంగతి మర్చిపోయేవాళ్లకి అది నేను సిఫారసు చేయను.

కళ్లు తెరిచే ఉంచొచ్చు. చూపు నేల మీద ఒకచోట వదిలేయండి. పద్మాసనం అవసరం లేదు, కుర్చీ చాలు. ఇంట్లో ఉయ్యాల బల్ల ఉంటే ఇంకా మంచిది, ఊగుతూ ఆ ఊపునే గమనించవచ్చు. నా అనుభవంలో మీలా కాళ్లు ఆగనివాళ్లకి అన్నిటికన్నా బాగా పనిచేసేది నడక. డాబా మీద గానీ హాల్లో గానీ చెప్పుల్లేకుండా పది పదిహేను అడుగుల దూరం అటూ ఇటూ నడవండి. మడమ ఆనడం, పాదం పరుచుకోవడం, వేళ్లు నేలని నెట్టడం, ఈ మూడింటినీ పట్టించుకోండి. మనసు పోతుంది. పోయిందని తెలిసిన క్షణాన ఏ కాలు ముందుందో చూసి అక్కడి నుంచి మొదలుపెట్టండి. మరీ నెమ్మదిగా నడవక్కర్లేదు. విసుగొస్తే వేగం పెంచండి, అప్పుడు పాదాలకి తగిలేది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

ఊపిరి పట్టు దొరకకపోతే ఇంకాస్త గట్టిగా తెలిసేదాన్ని తీసుకోండి. ఫ్యాను చప్పుడు, వీధిలో హారన్లు, గిన్నెలు కడిగేటప్పుడు చేతుల మీద పడే చన్నీళ్లు, ఏదైనా సరే. మీకు నమ్మకం ఉంటే జపమాల చాలా మంచి సాధనం. వేళ్లకి పూస తగులుతుంది, నోట్లో మాట ఉంటుంది, లెక్క ముందుకు కదులుతుంది. ఊపిరి ఒక్కటే ఇవ్వలేని ఆసరా ఇది. 108 పూర్తి చేయాలని పట్టు పట్టకండి, 27 చాలు. పూసలు వాటంతటవే దొర్లిపోతూ మనసు ఇంకెక్కడో ఉంటే గొంతు కొంచెం పెంచండి.

కూర్చున్నప్పుడే అద్భుతమైన ఐడియాలు వస్తాయి, లేదా కట్టని కరెంటు బిల్లు గుర్తొస్తుంది. ‘దాన్ని వదిలేయండి’ అంటారు చాలామంది గురువులు. నేను పక్కన కాగితం, పెన్ను పెట్టుకోమంటాను. మర్చిపోతానేమో అన్న టెన్షన్ మీకు ఉత్తుత్తిది కాదు, మీరు నిజంగానే మర్చిపోతారు. ఆ భయంతో ఐడియాని మనసులో పట్టుకుని కూర్చుంటే ఇక ధ్యాసకి చోటెక్కడ? ఒక్క మాట రాసి వెనక్కి రండి. రెండో వాక్యం రాయడం మొదలుపెట్టారంటే అభ్యాసం వదిలి ప్రాజెక్టు మొదలుపెట్టినట్టే. మిగతా ఆలోచనలకి మనసులోనే పేరు పెట్టండి: ‘ఆఫీసు’, ‘గొడవ’, ‘పాట’. పేరు పెట్టాక ఆ ఆలోచనతో వాదించే పని ఉండదు.

లేచిపోవాలనే తహతహ వచ్చినప్పుడు వెంటనే లేవకుండా అది ఒంట్లో ఎక్కడుందో చూడండి. పిక్కల్లోనా, ఛాతీలోనా, దవడలోనా? మూడు ఊపిర్ల సేపు చూసి, అప్పటికీ లేవాలనిపిస్తే లేవండి. తెలిసి లేవడం తప్పు కాదు. ఈ మూడు ఊపిర్లే తర్వాత ఆఫీసులో అక్కరకొస్తాయి.

నిజానికి నా దగ్గరికి వచ్చేవాళ్లు ఓడిపోయేది కూర్చోవడంలో కాదు, కూర్చోవాలని గుర్తుండటంలో. ఏడీహెచ్‌డీలో అసలు కష్టం అది. ‘ఉదయం ఆరింటికి చేస్తాను’ అన్న తీర్మానానికి విలువ లేదు. ఎలాగూ చేసే పనికి దాన్ని అంటించాలి: బ్రష్ చేశాక, కాఫీ డికాషన్ దిగేలోపు, ఆఫీసు పార్కింగులో ఇంజన్ ఆపి బెల్టు తీసేముందు. కంటికి కనిపించే గుర్తు ఒకటి పెట్టండి, బాత్రూం అద్దం మీద రంగు చీటీ లాంటిది. మూడు నాలుగు వారాలకి ఆ చీటీ మీ కంటికి ఆనడం మానేస్తుంది. అప్పుడు రంగు మార్చండి, చోటు మార్చండి. ఇంకొకరు పక్కన ఉంటే మరీ మంచిది. మీ ఆవిడో, తమ్ముడో, వేరే ఊళ్లో ఉన్న స్నేహితుడు వీడియో కాల్లోనో అదే సమయానికి కూర్చుంటే మీరూ కూర్చుంటారు. వాళ్లు మీకేమీ నేర్పక్కర్లేదు, ఉంటే చాలు.

యాప్‌ల మీద నాకు కోపం లేదు, కానీ వరసగా ఎన్ని రోజులు చేశారో చూపించే ఆ లెక్క మీలాంటివాళ్లకి హాని చేస్తుంది. ఒక్క రోజు తప్పితే లెక్క సున్నాకి వస్తుంది, దాంతో మొత్తం వదిలేస్తారు. మీ ‘నాలుగు రోజులు చేసి మానేయడం’లో దాని చేయి ఉందేమో చూసుకోండి. ఆ లెక్క ఆపేయండి. వారానికి నాలుగు రోజులు జరిగితే బాగా జరిగినట్టే. మానేసి మళ్లీ మొదలుపెట్టడాన్ని మీరు ఫెయిల్యూర్ కింద రాశారు. నా లెక్కలో అది కూడా కబురు అందుకుని వెనక్కి రావడమే, కాకపోతే రెండు వారాలు పట్టింది.

ఇవన్నీ చేసేది రోజులో వాడుకోవడానికి. ఏడీహెచ్‌డీలో పనులు చెడేది ఎక్కువగా ఒక పని ముగిసి ఇంకో పని మొదలయ్యే చోట. ఫోను ముట్టుకునే ముందు ఎందుకు ముట్టుకుంటున్నారో పైకి అనండి: ‘కరెంటు బిల్లు.’ మనసులో అనుకుంటే చాలదు, చెవికి వినపడాలి. ఫోను తెరిచాక నోటిఫికేషన్లు లాగేసినా, పైకి అన్న మాట వెనక్కి తీసుకొచ్చే అవకాశం ఎక్కువ. ఇంటి నుంచి బయల్దేరేముందు గుమ్మం దగ్గర ఆగి ఒక ఊపిరి తీసుకుని తాళాలు, పర్సు, ఫోను, ఐడీ కార్డు ఒక్కొక్కటీ తాకి చూసుకోండి. మీటింగులో ఎదుటివాళ్ల మాట పూర్తికాకముందే మీ మాట నోటిదాకా వస్తుంది. అది ముందుగా ఒంట్లో తెలుస్తుంది: మెడ ముందుకి వస్తుంది, ఊపిరి బిగుస్తుంది. అప్పుడు పాదాలు నేలకి ఆనించి, చెప్పాలనుకున్నది ఒక్క మాటగా రాసుకోండి. రాత్రి పదకొండింటికి కోపంగా టైపు చేసిన వాట్సాప్ మెసేజ్ పంపేముందు ఫోను బోర్లా పెట్టి మూడు ఊపిర్లు చూడండి. ఆ తర్వాత కూడా పంపాలనిపిస్తే పంపండి. చాలామంది పంపరు. కోపం తగ్గి కాదు, ఈలోపు ఇంకేదో గుర్తొచ్చి. అదీ లాభమే.

కబురు అందిన క్షణంలో మీరేం చేస్తారన్నది కూడా చూడాలి. నలభై నిమిషాలు పోయాయని తెలియగానే మీకు మీరే చివాట్లు పెట్టుకుంటారు. ఆ గొంతు పాతది. ‘తెలివైనవాడే, శ్రద్ధ లేదు’ అని ప్రోగ్రెస్ కార్డులో రాసిన టీచరుది, ‘ధ్యాస ఎక్కడ పెట్టి చస్తున్నావురా’ అన్న ఇంట్లో పెద్దవాళ్లది. తిట్టుకుంటే బుద్ధొస్తుందని మనకో నమ్మకం. అసలు జరిగేదేమిటంటే, ఆ చివాట్లే ఇంకో ఇరవై నిమిషాలు తినేస్తాయి. వాటిని తప్పించుకోవడానికి మళ్లీ హైలైట్స్‌లోకే పోతారు. పైగా కబురు అందినప్పుడల్లా తిట్లు తప్పవంటే, మనసు ఆ కబురునే ఎగ్గొట్టడం మొదలుపెడుతుంది. అందుకే గమనించినప్పుడు ‘వచ్చాను’ అని మాత్రం అనుకుని చేతిలో పని అందుకోండి. మిమ్మల్ని మీరు ముద్దు చేసుకోమని చెప్పడం లేదు. టైము మిగులుతుందని చెప్తున్నాను.

మందు సంగతి. ఇంట్లోవాళ్లు ప్రేమతోనే అంటున్నారు, కానీ ఆ మాట వినకండి. ఏడీహెచ్‌డీ లక్షణాలు తగ్గించడంలో మందులకున్న ఆధారాల బలం మైండ్‌ఫుల్‌నెస్‌కి లేదు. పైన చెప్పిన నెదర్లాండ్స్ అధ్యయనంలోనూ దాన్ని వైద్యానికి కలిపారు, దాని బదులు పెట్టలేదు. మిథైల్‌ఫెనిడేట్ మన దేశంలో షెడ్యూల్ ఎక్స్ (గట్టి నియంత్రణ ఉన్న మందుల జాబితా) కిందికి వస్తుంది, షాపువాళ్లు డాక్టరు చీటీ కాపీ ఒకటి ఉంచుకుని గానీ ఇవ్వరు. దాంతో ‘ఇంత కట్టుదిట్టమా, అయితే ప్రమాదమేమో’ అని ఇంట్లో భయం పుడుతుంది. ఆ కట్టుదిట్టం దుర్వినియోగం జరగకుండా. డాక్టరు చూసి ఇచ్చిన మోతాదులో వాడేవాళ్లని బెదిరించడానికి కాదు. తగ్గించాలన్నా మానాలన్నా ఆ మాట డాక్టరు నోటి నుంచే రావాలి. ఇంకో చిట్కా: మొదట్లో మందు పనిచేస్తున్న వేళలోనే అభ్యాసం పెట్టుకోండి. చాలామందికి అప్పుడు కుదురు సులువుగా దొరుకుతుంది. మందు లేకుండా చేస్తేనే అసలైన ధ్యానం అన్న నియమం ఎక్కడా లేదు.

ఇది చదువుతూ ‘నాకూ ఏడీహెచ్‌డీయే’ అనుకుంటున్నవాళ్లకి ఒక మాట. రీల్స్ చూసి నిర్ధారించుకోకండి. మానసిక సమస్యల నిర్ధారణకి డాక్టర్లు వాడే డీఎస్ఎం-5 పుస్తకం ప్రకారం లక్షణాల్లో కొన్నయినా 12 ఏళ్ల లోపే కనిపించి ఉండాలి. నిద్రలేమి, ఆందోళన, డిప్రెషన్, థైరాయిడ్ తేడాలు కూడా ధ్యాసని ఇలాగే చెడగొడతాయి. ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. ఎర్రగడ్డ పేరు చెప్పి ఎగతాళి చేసే పాత అలవాటుని పట్టించుకోకండి.

ఫలితం ఎలా తెలుస్తుందంటారా? ప్రశాంతత వచ్చిందా అని వెతకొద్దు. ఎనిమిది వారాలయ్యాక మీ ఇంట్లోవాళ్లని అడగండి: మధ్యలో మాట అందుకోవడం తగ్గిందా, పిలిస్తే పలుకుతున్నానా? మీ అంచనా కన్నా వాళ్లదే నమ్మదగ్గది. ఏమీ తేడా లేదంటే దీన్ని వదిలేసి ఆ టైములో షటిల్ ఆడండి. వ్యాయామం, ఏడీహెచ్‌డీ కోసం మలిచిన సీబీటీ (ఆలోచనల, అలవాట్ల తీరు మార్చే మాటల వైద్యం) కూడా పనికొచ్చేవే. మైండ్‌ఫుల్‌నెస్ అందరికీ పడాలని ఏమీ లేదు.

పది రోజుల విపశ్యన కోర్సు ఇప్పుడు వాయిదా వేయండి. తెల్లవారుజామున 4 గంటలకి లేవాలి, రోజుకి దాదాపు 10 గంటలు కూర్చోవాలి, మౌనం పాటించాలి, మొదటి మూడు రోజులూ శ్వాస ఒక్కటే. ఏడీహెచ్‌డీ ఉండి కూడా వెళ్లి సంతోషంగా వచ్చినవాళ్లని నేను చూశాను, నేను చెడ్డగా చెప్పడం లేదు. కానీ వాళ్లు అప్పటికే నెలల తరబడి ఏదో ఒక అభ్యాసంలో ఉన్నవాళ్లు. మీరు రెండో నిమిషం దగ్గర ఉన్నారు. మూడో రోజు మధ్యలో వచ్చేస్తే, ‘ధ్యానం నా వల్ల కాదు’ అన్న మాట ఇంకో పదేళ్లు మీతో ఉంటుంది. తీవ్రమైన డిప్రెషన్, బైపోలార్, సైకోసిస్ లాంటివి ఎప్పుడైనా వచ్చి ఉంటే మీ సైకియాట్రిస్టుతో మాట్లాడకుండా ఇలాంటి కోర్సుకి అసలు వెళ్లొద్దు. తర్వాతెప్పుడైనా వెళ్లాలనుకున్నప్పుడు ఫారంలో ఆరోగ్యం గురించి, మందుల గురించి అడిగేచోట మిథైల్‌ఫెనిడేట్ పేరు, మోతాదు దాచకుండా రాయండి. వాళ్లు వద్దంటారేమోనని ఆ గడి ఖాళీగా వదిలేసేవాళ్లున్నారు. ఇప్పటికే నింపిన ఫారంలో మీరు ఏం రాశారో ఒకసారి తీసి చూసుకోండి.